అరకు కొండలు: ప్రమాద పటాన్ని ఎలా చదవాలి?

మన దేశంలో కొండచరియలు విరిగిపడే అవకాశమున్న నేల సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్లని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ (జీఎస్‌ఐ) లెక్క. మంచు కప్పిన ప్రాంతాలను పక్కన పెట్టినా దేశ విస్తీర్ణంలో ఇది ఎనిమిదో వంతు. అందులో పెద్ద వాటా హిమాలయాలది. ఆ తర్వాత పశ్చిమ కనుమలు, కొంకణ్ కొండలు. చివర్లో ఒక చిన్న వాటా ఉంది. అది తూర్పు కనుమల్లోని అరకు ప్రాంతం, సుమారు 10 వేల చదరపు కిలోమీటర్లు. అరకు అనగానే కాఫీ, పొగమంచు, అద్దాల రైలు పెట్టె గుర్తొచ్చేవాళ్లకు ఇది కొత్త సంగతే. అనంతగిరి ఘాట్ రోడ్డులో జీపు నడిపేవాళ్లకూ, కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో వానల్లో పట్టాలు కాసేవాళ్లకూ కాదు.

ఈ 10 వేల చదరపు కిలోమీటర్లలో ఏ వాలు జారే రకమో, ఏది కాదో చూపే పటాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. జీఎస్‌ఐ వారి భూకోశ్ పోర్టల్‌లో కొండచరియల పటం దొరుకుతుంది. ఇస్రో 2009లో తెచ్చిన భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు, నేల ఎత్తుపల్లాల వివరాలు ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు. ఫోనులో కూడా తెరవొచ్చు. అయితే పటం తెరవడం వేరు, చదవడం వేరు. సరిగా చదవకపోతే ప్రమాదంలో ఉన్న ఊరు కూడా భద్రంగానే కనిపిస్తుంది.

ముందు కొండ ఎందుకు జారుతుందో చూద్దాం. తూర్పు కనుమల్లో విరివిగా ఉండే రాయి ఖోండలైటు. ఈ కొండల్లో ఉండే ఖోండు తెగ పేరే శాస్త్రజ్ఞులు దానికి పెట్టారు. ఎండకూ వానకూ తేలిగ్గా పుచ్చిపోయే రాయి అది. లక్షల ఏళ్లుగా పుచ్చి పుచ్చి ఎర్రమట్టిగా, రాళ్లూ మట్టీ కలిసిన వదులు పొరగా కొండల మీద పేరుకుంది. కింద గట్టి రాయి, పైన వదులు మట్టి. మామూలు రోజుల్లో రేణువుల మధ్య ఒరిపిడి ఆ పొరను వాలు మీద పట్టి ఉంచుతుంది. రోజుల తరబడి ముసురు పడితే నీరు మట్టిలో ఇంకి, రాతి దాకా దిగి, దారి లేక అక్కడే నిలుస్తుంది. అప్పుడు రంధ్ర జలపీడనం (మట్టి రేణువుల సందుల్లో నిండిన నీరు వాటిని దూరంగా నెట్టే ఒత్తిడి) పెరుగుతుంది. ఒరిపిడి తగ్గుతుంది. నీరు తాగిన మట్టి బరువూ పెరుగుతుంది. ఒక దశలో పొర మొత్తం రాతి మీద నుంచి జారుతుంది. అందుకే చాలాసార్లు మొదటి రోజు వానకు ఏమీ కాదు. మూడో రోజో నాలుగో రోజో, అప్పటికే నానిన కొండ మీద గట్టి జల్లు పడినప్పుడు ముప్పు వస్తుంది.

వాలు పాదాన్ని కోస్తే పని ఇంకా తేలికవుతుంది. పైనున్న మట్టికి ఆనిక పోతుంది. మన్యంలో ఏ ప్రమాదం జరిగినా పోడు వ్యవసాయాన్ని దోషిగా నిలబెట్టడం అలవాటైపోయింది. లోతు వేళ్ల చెట్లు పోతే మట్టికి పట్టు తగ్గుతుందన్నది నిజమే. కానీ కొండ పాదాన్ని నిలువుగా కోసేవి రోడ్డు, రైలు, క్వారీ పనులు. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం ఈ కొండలను కోసుకుంటూ, తొలుచుకుంటూ పోతుంది. వానాకాలంలో దాని మీద బండరాళ్లు పడటం మామూలు వార్త. 2023 సెప్టెంబరులో కోరాపుట్ జిల్లాలోని మనబార్–జరాటి స్టేషన్ల మధ్య కొండ విరిగిపడి రోజుల తరబడి రైళ్లు ఆగిపోయాయి. మరుసటి ఏడు సెప్టెంబరులో అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలో కొండచరియ పడి ఒక మహిళ చనిపోయింది.

ఇక పటం సంగతి. జీఎస్‌ఐ 2014లో దేశవ్యాప్తంగా కొండచరియల గ్రాహ్యతా పటాలు (ఏ వాలు జారడానికి ఎంత అనువుగా ఉందో చూపేవి) వేయడం మొదలుపెట్టింది. అందుకు చూసేవి ఇవి: వాలు ఎంత నిటారు, ఏ దిక్కుకు తిరిగి ఉంది, కింద రాయి ఏ రకం, పైన మట్టి మందం ఎంత, రాతిలో పగుళ్లున్నాయా, నేలను దేనికి వాడుతున్నారు. వీటితో పాటు గతంలో ఎక్కడెక్కడ జారిందో జాబితా ఒకటి ఉంటుంది. జారిన చోట్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణాలేమిటో వెతుకుతారు. అవే లక్షణాలు ఇంకెక్కడ ఉన్నాయో చూస్తారు. వాటిని బట్టి నేలను ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు తరగతులు చేసి రంగులు వేస్తారు.

ఈ రంగులను చదివేటప్పుడు మొదట గుర్తుంచుకోవాల్సింది కొలత. ఈ పటాలు 1:50,000 కొలతలో వేసినవి. అంటే పటంలో ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. వంద మీటర్ల పొడవున్న ముప్పై ఇళ్ల శివారు గ్రామం ఆ పటంలో రెండు మిల్లీమీటర్లు. తెర మీద రెండు వేళ్లతో ఎంత పెద్దది చేసినా అందులోని వివరం పెరగదు, గీత మాత్రమే లావవుతుంది. కాబట్టి ఈ ఇల్లు ఎరుపులో ఉంది, పక్కిల్లు లేదు అని ఈ పటాన్ని చూసి తేల్చడానికి లేదు. ఈ కొండ వైపు ఒకసారి మనిషిని పంపి చూడాలి అని తేల్చవచ్చు. దాని పని అంతే. అది చిన్న పని కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. పటం చూపేది కొండ ఎక్కడ జారడం మొదలవుతుందో. జారిన మట్టి ఎందాకా పోతుందో చాలా పటాలు చూపవు. 2024 జులై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోయి రెండు వందల మందికి పైగా చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఆ తర్వాత ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్క కట్టింది. కొండ జారింది సముద్రమట్టానికి 1,550 మీటర్ల ఎత్తున. జారిన మేర 86 వేల చదరపు మీటర్లు, అంటే ఇరవై ఎకరాల పైచిలుకు. ఆ మట్టీ బండలూ నదిలో పడి కిలోమీటర్ల కొద్దీ దిగువకు పోయాయి. దారిలో ఊళ్లున్నాయి.

అరకు, అనంతగిరి, హుకుంపేట వైపు ఊళ్లు ఎక్కడుంటాయో ఒక్కసారి తలచుకోండి. నీటి కోసం గెడ్డ (కొండ వాగు) పక్కనే ఉంటాయి. వరిమళ్లు గెడ్డ వెంట మెట్లు మెట్లుగా దిగుతాయి. ఊరున్న చదును నేలకు పటంలో ‘తక్కువ ప్రమాదం’ రంగు పడుతుంది. పడటం సబబే, అక్కడ వాలు లేదు కదా. కానీ అదే గెడ్డ వెంట పైకి వేలు పోనిచ్చి చూస్తే దాని తలాపున ఎర్రటి మచ్చ ఉండవచ్చు. అప్పుడు ఆ ఊరు భద్రం కాదు. పటంలో ఊరి రంగు కన్నా ఊరికి నీళ్లొచ్చే దారి రంగు చూడాలి. మామూలు ఆన్‌లైన్ పటాల్లో భూస్వరూపం పొర తెరిస్తే సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) కనిపిస్తాయి. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు వాలు. అవి ఎగువ వైపుకు ఆంగ్ల ‘వి’ అక్షరంలా మొనదేలిన చోటల్లా ఒక గెడ్డ దిగుతోందని అర్థం. ఈ రెండు గుర్తులు చాలు. పదో తరగతి చదివిన పిల్లలు ఒక పూటలో నేర్చుకోగలరు.

మూడోది పటం పుట్టుకలోనే ఉన్న లోపం. గతంలో ఎక్కడ జారిందో తెలిస్తేనే ముందు ఎక్కడ జారుతుందో చెప్పగలమని అనుకున్నాం. మరి గతం ఎవరు రాశారు? రోడ్డు మీద మట్టి పడితే రోడ్ల శాఖ రాస్తుంది. పట్టాల మీద పడితే రైల్వే రాస్తుంది. రోడ్డు లేని ఊరి పైన, కాఫీ తోటల మధ్య, గట్టు మీద జారితే ఎవరూ రాయరు. ఉపగ్రహానికి కనబడాలన్నా అడ్డంకులున్నాయి. వానాకాలమంతా మబ్బే. మబ్బు విడిపోయేసరికి మచ్చ మీద పచ్చదనం కమ్మేస్తుంది. అందువల్ల జాబితాలో ఘాట్ రోడ్డు వెంట చుక్కలు గుత్తులుగా ఉండి, లోపలి కొండలు ఖాళీగా కనిపించే అవకాశం ఎక్కువ. ఆ ఖాళీకి అక్కడ ఏమీ జరగలేదని అర్థం కాదు, జరిగింది రాసినవారు లేరని అర్థం. నా దృష్టిలో అరకు ప్రమాద పటానికి అన్నిటికన్నా పెద్ద కొరత ఇదే. దీన్ని తీర్చగలిగింది ఆ కొండల్లో ఉండే మనుషులే. ఫలానా ఏడు ఆ మెట్ట జారింది, ఆ గెడ్డ దారి మార్చుకుంది అని ప్రతి ఊళ్లో చెప్పే పెద్దలున్నారు. 2024 జులైలో జీఎస్‌ఐ తెచ్చిన భూస్ఖలన్ యాప్‌లో ఎక్కడ జారిందో సమాచారం పంపే వీలుంది. గ్రామ సచివాలయంలో సర్వేయరు ఉంటాడు. ఇద్దరు ముగ్గురు పెద్దలను వెంటబెట్టుకుని ఒక్కరోజు తిరిగితే ఒక పంచాయతీ గతం పటం మీదికి ఎక్కుతుంది.

ఇంతా చేస్తే తెలిసేది ‘ఎక్కడ’ అన్నది. ‘ఎప్పుడు’ అన్నది వాన చెప్పాలి.

దానికో పద్ధతి ఉంది. ఒక ప్రాంతంలో గతంలో కొండ జారిన రోజులన్నీ తీసి, ఆ రోజూ అంతకు ముందు రోజుల్లోనూ ఎంత వాన పడిందో చూస్తారు. ఇన్ని రోజుల్లో ఇంత దాటితే ప్రమాదం అని ఒక గీత గీస్తారు. దీన్ని వర్షపాత అవధి (కొండ జారడం మొదలయ్యే వాన హద్దు) అంటారు. వాతావరణ శాఖ ముందస్తు అంచనా ఆ గీత దాటేలా ఉంటే హెచ్చరిక ఇస్తారు. బ్రిటిష్ భూవైజ్ఞానిక సంస్థ సాయంతో జీఎస్‌ఐ దీన్ని మొదట డార్జిలింగ్, కాలింపాంగ్, నీలగిరి జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 2024లో కోల్‌కతాలో జాతీయ కొండచరియల అంచనా కేంద్రం ఏర్పాటైంది. క్రమంగా దేశమంతా విస్తరించాలన్నది లక్ష్యం.

గీత బాగా గీయాలంటే వాన లెక్క బాగుండాలి. ఉపగ్రహం నుంచి వచ్చే ప్రపంచ వర్షపాత పటంలో ఒక్కో గడి దాదాపు పది కిలోమీటర్లు. మైదానంలో అయితే సర్దుకోవచ్చు. కొండల్లో కుదరదు. సముద్రపు గాలికి ఎదురుగా ఉన్న అనంతగిరి వాలు మీద పడే వాన, కొండ దాటాక లోయలో పడే వాన ఒకటి కావు. ఒకే గడిలో రెండూ కలిస్తే సగటు వస్తుంది. సగటు వానకు కొండ జారదు, పడిన చోట పడిన వానకు జారుతుంది.

వయనాడ్‌లోని హ్యూమ్ సెంటర్ అనే చిన్న సంస్థ చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. అది జిల్లా అంతటా రెండు వందలకు పైగా చోట్ల వర్షమాపకాలు పెట్టించి, రైతుల చేత, తోటల వారి చేత రోజూ లెక్క రాయించుకుంటోంది. ముండక్కై ప్రమాదానికి ముందు రోజే జిల్లా యంత్రాంగాన్ని అప్రమత్తం చేశామని ఆ సంస్థ చెప్పింది. లెక్క ఉన్నా దాని మీద కదిలే ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో ఆ రాత్రి చూశాం. అసలు లెక్కే లేని చోట హెచ్చరించే ప్రశ్నే రాదు. వర్షమాపకం పెద్ద యంత్రమేమీ కాదు. నిటారు గోడలున్న ఒక పాత్ర, మిల్లీమీటర్ల గీతలున్న ఒక కొలగొట్టం. చెట్టు నీడా చూరు నీరూ పడని ఆరుబయట పెట్టి, వాతావరణ శాఖ పద్ధతి ప్రకారం రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాయాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. రెండు వందల మిల్లీమీటర్ల వాన ఒక ఎకరం వాలు మీద పడితే ఎనిమిది లక్షల లీటర్లు. ఈ లెక్క ఒక్కసారి వేసి చూపిస్తే ఆశ్రమ పాఠశాల పిల్లలకు కూడా కొండ మోసే బరువు అర్థమవుతుంది.

తుపాను పటాల విషయంలోనూ కొండకు అన్యాయం జరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. దాని దారిని వాతావరణ శాఖ ముందే బాగా చెప్పగలిగింది. తీరంలో జనాన్ని తరలించారు. తీరం దాటిన తుపాను వాయవ్యంగా కదిలి ఈ కొండల మీదుగానే పోయింది. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయాయి. చెట్టు కూలితే కింద కాఫీ మొక్కా పోతుంది, రైతుకు ఏళ్ల ఆదాయమూ పోతుంది. తుపాను పటంలో మన చూపు ఎప్పుడూ తీరరేఖ మీదే ఆగుతుంది. అక్కడి నుంచి లోపలికి వేసిన గీతను కొండల దాకా చూడటం అలవాటు చేసుకోవాలి.

పిడుగులకు దామిని యాప్ ఉంది. మీరున్న చోటికి ఇరవై, నలభై కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చెబుతుంది. కొండల్లో పశువులు కాసేవాళ్లకు, మెట్ట మీద పనిచేసేవాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే సాధనం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్ అన్ని శాఖల హెచ్చరికలనూ ఒకచోట ఇస్తుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ (ఒక టవరు పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి సందేశం పంపే పద్ధతి) అయితే ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. టవరు మాత్రం కావాలి. సిగ్నల్ కోసం గట్టెక్కాల్సిన ఊరికి ఆ సందేశం చేరదు. అలాంటి ఊళ్లకు హెచ్చరిక మనిషి ద్వారానే వెళ్లాలి. కాబట్టి ఏ ఊళ్లకు టవరు అందదో చూపే పటం కూడా ఒక విపత్తు పటమే.

నిప్పు పటాల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. నాసా వారి ఫర్మ్స్ పటంలో భూమ్మీద మంటలున్న చోట్ల చుక్కలు పడతాయి. ఒక రకం ఉపగ్రహ పరికరంలో ఒక్కో చుక్క 375 మీటర్ల గడి, ఇంకో రకంలో కిలోమీటరు. వేసవిలో మన్యం మీద ఈ చుక్కలు కనిపిస్తాయి. అది అడవి తగలబడటమా, పోడు కోసం నరికిన తుప్పలు కాల్చడమా అన్నది చుక్క చెప్పలేదు. చుక్కను చూసి కేసు పెట్టడానికి ఎవరైనా బయల్దేరితే జనం పటాన్నే శత్రువుగా చూస్తారు. ఆ తర్వాత కొండ ఎక్కడ జారిందో కూడా చెప్పరు. భూమి హక్కుల కోసం ఎన్నో పోరాటాలు చూసిన ప్రాంతం ఇది. ఊరి వివరాలు పటమెక్కించే ముందు అవి దేనికి వాడతారో, దేనికి వాడరో గ్రామసభలో చెప్పాలి.

సాయం చేరాలంటే ఊరు ఎక్కడుందో తెలియాలి. ఇక్కడ పేరు ఒక్కటే చాలదు. కొత్తవలస పేరుతోనే ఉత్తరాంధ్రలో ఎన్నో ఊళ్లున్నాయి. శివారు గ్రామాలు చాలావాటికి పటాల్లో పేరే ఉండదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా సరిదిద్దగలిగే ఉమ్మడి ప్రపంచ పటం) అనే చోట ఊరినీ, కాలిబాటనూ, గెడ్డ దాటే చోటునూ మనమే గుర్తించవచ్చు, పేరు తెలుగులోనే రాయవచ్చు. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి జనం ఉపగ్రహ చిత్రాలు చూసి ఇందులోనే రోజుల్లో వీధుల పటం గీశారు. సహాయ బృందాలు దాన్నే వాడాయి. ఈ పటాన్ని ముందుగా ఫోనులోకి దింపుకుంటే సిగ్నల్ లేని చోట కూడా తెరుచుకుంటుంది. జీపీఎస్‌కు టవరుతో పని లేదు, ఆకాశం కనిపిస్తే చాలు.

అనుకోని వైపు నుంచి ఇంకో సాయం ఉంది. 2023లో యూరోపియన్ యూనియన్ చేసిన చట్టం ప్రకారం, అడవి నరికిన నేలలో పండించలేదని చూపించేందుకు ప్రతి కాఫీ తోట అక్షాంశ రేఖాంశాలు ఇవ్వాలి. నాలుగు హెక్టార్ల లోపు తోటకు ఒక్క బిందువు చాలు. అరకు రైతుల తోటలు ఎక్కువగా ఎకరం రెండెకరాలవే. అమలు గడువు వాయిదా పడుతూ వచ్చినా, ఎగుమతి చేసేవాళ్లు ఈ బిందువులు సేకరించక తప్పదు. బజారు కోసం తీసే ఈ కొలతలను రైతుల అనుమతితో కొండచరియల పటం మీద పరిస్తే ఏ కుటుంబం ఏ వాలు మీద పనిచేస్తుందో తెలుస్తుంది. పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తలచుకుంటే ఇది చేయదగ్గ పని.

ఉపగ్రహానికి మబ్బు అడ్డమని ముందు చెప్పుకున్నాం. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం పన్నెండు రోజులకోసారి ఒకే నేలను రాడార్‌తో చూస్తుంది. రాడార్‌కు మబ్బు అడ్డం కాదు. దాని పొడవాటి తరంగాలు ఆకుల గుబురు దాటి నేలను తాకగలవు. నెమ్మదిగా కదులుతున్న వాలును అది పట్టుకోగలదు. మన మబ్బు కొండలకు ఇంతకన్నా తగిన కన్ను ఇప్పటిదాకా లేదు. అయినా ఒక్క రాత్రిలో జారే కొండను పన్నెండు రోజుల చూపు పట్టలేదు. ఆ రాత్రికి గుర్తులు నేల మీదే ఉంటాయి. వాలు మీద కొత్త పగులు, ఉన్నట్టుండి ఒరిగిన చెట్లు, తేటగా పారే గెడ్డ ఒక్కసారిగా బురదగా మారడం. వాన పడుతుండగానే గెడ్డలో నీరు తగ్గిపోతే మరీ ప్రమాదం, పైన మట్టి అడ్డుపడి నీరు నిలిచి ఉండొచ్చు. వీటిలో ఏది కనిపించినా గెడ్డ వెంట దిగువకు పరిగెత్తకూడదు, పక్కకు, ఎత్తుకు వెళ్లాలి.

తర్వాత ఫోను. 112, లేదా రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబర్లు 1070, 1800-425-0101. మండలం, పంచాయతీ, ఊరు చెప్పాక ఫోనులో చూపే అంకెలు కూడా చదవాలి. అరకు దగ్గర అవి 18.33, 82.87 లాగా ఉంటాయి. చుక్క తర్వాత రెండంకెలే చెబితే వెతికేవాళ్లకు కిలోమీటరు తేడా రావచ్చు. నాలుగు అంకెలు చెబితే తేడా పది మీటర్లే. ఊరి అంకెలు వానాకాలానికి ముందే తీసి అంగన్‌వాడీ గోడ మీద, ఆశా కార్యకర్త పుస్తకంలో రాసి ఉంచుకోవచ్చు.